పిల్లల చేత ఎవరి బొమ్మ వాళ్లే వేయించాలంటే ఎలా?

"క్లాసులో ముప్పై మంది ఉన్నారు, ముప్పై బొమ్మలూ ఒకేలా వచ్చాయండీ, పేరు చూస్తే తప్ప ఎవరిది ఎవరిదో తెలియట్లేదు." జూన్‌లో బడులు తెరిచాక ఒకసారి, నవంబరు 14 దగ్గర పడినప్పుడు ఇంకోసారి, తోటి టీచర్ల దగ్గర్నుంచి ఈ మాట నాకు తప్పకుండా వస్తుంది. ప్రతిసారీ ఫోన్‌లో చెప్పిందే చెప్తున్నాను కాబట్టి ఇక్కడ మొత్తం రాసేస్తున్నా. నేను డ్రాయింగ్ టీచర్‌ని కాదు, అన్ని సబ్జెక్టులూ చెప్పుకునే ప్రైమరీ టీచర్‌ని. నాకు బొమ్మలు పెద్దగా రావు. మీకూ రాకపోతే ఈ పనికి అది మంచిదే, ఎందుకో రెండో మెట్టులో చెప్తా.

ఇది 3, 4, 5 తరగతుల వాళ్ల కోసం. 1, 2 తరగతుల పిల్లలకి కొలతలూ గీతలూ వద్దు. వాళ్లలో కొంతమంది ఇంకా తలకాయ నుంచే కాళ్లూ చేతులూ వచ్చే బొమ్మలు వేస్తుంటారు, ఆ వయసుకి అది మామూలే, దిద్దకండి. అద్దం చేతికిచ్చి "నీ ముఖంలో ఏం కనిపిస్తుందో అంతా వెయ్యి నాన్నా" అంటే చాలు.

ఏమేం కావాలి

- అద్దాలు, ఇద్దరికి ఒకటి. ఫ్యాన్సీ షాపులో ప్లాస్టిక్ ఫ్రేముతో దొరికే చిన్న గుండ్రటివి బాగుంటాయి. ఇంటి నుంచి తెమ్మంటే అంచులు పగిలినవి తెస్తారు, నేను ఒకసారి తెమ్మని బుద్ధి తెచ్చుకున్నా.
- డ్రాయింగ్ షీట్లు, తలకి రెండు. ఎ4 సరిపోతుంది. నోటుబుక్కు కాగితం మీద రంగు వేస్తే అవతలి వైపుకి దిగిపోతుంది.
- హెచ్‌బీ పెన్సిల్, స్కేలు, పరీక్ష ప్యాడ్.
- పాత చార్టుల నుంచి కత్తిరించిన పట్టీలు. రెండు వేళ్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవు, తలకి రెండు. ఈ పద్ధతికి ప్రాణం ఇవే.
- క్రేయాన్లు గానీ పోస్టర్ కలర్లు గానీ. రెండూ లేకపోతే పసుపు, జాజు, కాఫీ పొడి. దాని గురించి కింద ఉంది.

అద్దాల వెనక సెల్లో టేపు అడ్డంగా, నిలువుగా రెండు మూడు వరసలు అంటించి ఉంచండి. కింద పడి పగిలినా ముక్కలు చెదిరిపోవు. ఫ్రేము లేని అద్దమైతే అంచు చుట్టూ కూడా టేపు వెయ్యాలి.

నాలుగు పీరియడ్లు పడుతుంది, రోజుకి ఒకటి చొప్పున. ఒక్క రోజులో లాగించేద్దాం అనుకుంటే మూడో గంటకి మీకూ వాళ్లకీ విసుగొస్తుంది, చివర్లో రంగులు పరమ దారుణంగా వస్తాయి.

1. ముందు అద్దం లేకుండా ఒక బొమ్మ వేయించండి

మొదటి రోజు ఏమీ చెప్పకుండా కాగితం ఇచ్చి "నీ బొమ్మ నువ్వు వెయ్యి" అనండి, పదిహేను నిమిషాలు. వెనక పేరు, తేదీ రాయించి తీసుకుని బీరువాలో పెట్టేయండి. బాగుందనీ బాగోలేదనీ ఒక్క మాట అనొద్దు. చివరి రోజు దీనితో పని ఉంది.

ఆ రాత్రి ఇంట్లో తీరిగ్గా చూడండి. కళ్లు నుదుటి మీద ఉంటాయి, ముక్కు ఒక 7 అంకె, మెడ ఐసుపుల్ల, జుట్టు నాలుగు గీతలు. ఆడపిల్లలందరికీ ఒకే రెండు జడలు, ఆ రోజు ఒంటి జడతో వచ్చిన అమ్మాయికి కూడా! పిల్లలు వేసేది వాళ్ల ముఖం కాదండీ, 'ముఖం' అనే మాటకి వాళ్లకి అలవాటైపోయిన ఒక గుర్తు. 'అ' రాసినంత సులువుగా దాన్ని గీసేస్తారు.

2. బోర్డు మీద బొమ్మ వెయ్యొద్దు

ముప్పై బొమ్మలూ ఒకేలా రావడానికి నూటికి తొంభై పాళ్లు కారణం ఇదే. మీరు బోర్డు మీద గుండ్రంగా గీసి, రెండు కళ్లు పెట్టి, "ఇలా వెయ్యండి" అంటే వాళ్లు మీ బొమ్మ వేస్తారు. టీచర్ గీసిందే కరెక్టు అని వాళ్లకి మనమే నేర్పించాం కదా మరి. బొమ్మలు బాగా వచ్చిన టీచర్ల క్లాసుల్లోనే ఈ గొడవ ఎక్కువ. అందుకే రాకపోవడం మంచిదన్నాను.

తప్పనిసరిగా ఏదైనా చూపించాల్సి వస్తే, ఉదాహరణకి కంటి ఆకారం, పక్క కాగితం మీద అదొక్కటే పెద్దగా గీసి చూపించి, వెంటనే తీసి దాచేయండి.

3. అద్దంతో పది నిమిషాలు, పెన్సిల్ ముట్టకుండా

అద్దాలు ఇచ్చిన మొదటి ఐదు నిమిషాలు గోడ మీద ఎండ చుక్కలు పరిగెడతాయి, ఎవడో ఒకడు పక్కవాడి కంట్లో కొడతాడు. ఆ ఐదు నిమిషాలూ కిటికీలు మూసి ఇవ్వండి, లేదా ఎండ పడని వరండాలో కూర్చోబెట్టండి. నాలుక చాపుకోవడాలు, బుగ్గలు పూరించుకోవడాలు కానివ్వండి, అదీ చూడటమే.

తర్వాత ప్రశ్నలు అడగండి. నోటితో జవాబు చెప్పాలి, అంతే. నీ కనుబొమ్మలు రెండూ ఒకేలా ఉన్నాయా? నల్లగుడ్డు మొత్తం గుండ్రంగా కనిపిస్తోందా, పైన రెప్ప కిందకి కాస్త వెళ్లిందా? ముక్కుకి నిజంగా పక్కన గీతలున్నాయా? పై పెదవి లావా, కింది పెదవి లావా? పాపిడి మధ్యలో ఉందా, పక్కకా? చెవి ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతోంది?

రెప్ప ప్రశ్న దగ్గర క్లాసంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోతుంది, అందరూ అద్దంలోకి దూరిపోతారు. మా దగ్గర ఒక పిల్లాడు చాలాసేపు చూసి "టీచర్, కింద ఆనుతోంది, పైన దాక్కుంది" అన్నాడు. దీన్ని మించి నేనేం చెప్పగలను.

ఇక్కడ ఇంకో సరదా ఉంది. ఒక కన్ను మూసి, తల కదపకుండా, అద్దంలో కనిపించే ముఖం చుట్టూ వైట్‌బోర్డు మార్కర్‌తో అద్దం మీదే గీయమనండి. తర్వాత స్కేలుతో కొలిస్తే ఆ గీత అసలు ముఖంలో సరిగ్గా సగం ఉంటుంది, దూరం జరిగి గీసినా అంతే. ఎవరూ ముందు నమ్మరు. పర్మనెంట్ మార్కర్ వాడొద్దు, తుడవడానికి శానిటైజర్‌తో అరగంట పడుతుంది. అద్దం మరీ చిన్నదైతే ఈ ఆట వదిలేయండి.

అద్దాలు చాలకపోతే ఫోన్ ముందు కెమెరా వాడొచ్చు, కానీ నలుగురికి ఒక ఫోన్ అంటే వంతుల కోసం కొట్టుకుంటారు. ఫొటో తీసి ప్రింట్ ఇస్తే పిల్లలు నవ్వుతున్న ఫొటోనే కాపీ చేస్తారు, పళ్లన్నీ జొన్నకంకిలా వస్తాయి.

4. పట్టీతో కొలిపించండి

ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టండి. ఒకరి మాడు మీద స్కేలు బల్లపరుపుగా పెట్టి, జుట్టు అణిగేలా కాస్త నొక్కి పట్టుకోవాలి. అక్కడి నుంచి గడ్డం కింది అంచు దాకా రెండోవాళ్లు పట్టీతో నిలువుగా కొలిచి చించాలి. ఈ వయసు పిల్లలకి 20 సెంటీమీటర్లు అటూ ఇటూ వస్తుంది.

ఆ పట్టీని సగానికి మడవమనండి. మడత ఎక్కడొచ్చింది? మళ్లీ ముఖం పక్కన పెట్టి చూస్తే మడత కళ్ల దగ్గరికి వస్తుంది. అందరికీ దాదాపు అంతే, పిల్లల్లో అయితే కళ్లు సగానికి కాస్త కిందకే ఉంటాయి. "కళ్లు తలకి సగంలో ఉంటాయి" అని మీరు పదిసార్లు చెప్పినా ఎక్కదు, వాళ్ల తల వాళ్లే కొలుచుకుంటే ఒక్కసారికే ఎక్కుతుంది.

ఇంకోసారి మడిస్తే నాలుగు భాగాలవుతాయి. పై నుంచి మూడో మడత ముక్కు కింది అంచు దగ్గర. మిగిలిన చివరి భాగంలో, ముక్కు నుంచి మూడో వంతు కిందకి దిగితే రెండు పెదవులూ కలిసే గీత. చెవులు సుమారుగా కనుబొమ్మల ఎత్తు నుంచి ముక్కు అంచు దాకా. రెండు కళ్ల మధ్య ఇంకో కన్ను పట్టేంత ఖాళీ. ఇంతకు మించి కొలతలు చెప్పొద్దు. ముఖం వెడల్పు అయిదు కళ్లు, నోటి కొసలు నల్లగుడ్ల కింద, ఇవన్నీ కూడా మొదలుపెడితే అది లెక్కల క్లాసు అయిపోతుంది.

5. గీత గీయడం

కాగితం మీద ముఖం చిన్నదైపోవడం పెద్ద జబ్బు. షీటు మధ్యలో రూపాయి బిళ్లంత ముఖం వేసి, చుట్టూ సూర్యుడు, కొబ్బరిచెట్టు, ఇల్లు పెట్టేస్తారు. దీనికి మందు, ఎవరి చెయ్యి వాళ్లు కాగితం మీద బోర్లా పెట్టమనడం. మణికట్టు నుంచి మధ్యవేలి కొస దాకా ఎంత ఉందో ముఖం అంత ఉండాలి. పైన రెండు వేళ్ల ఖాళీ, కింద మెడకీ భుజాలకీ చోటు.

కోడిగుడ్డు ఆకారం, పలచటి గీత. పెన్సిల్‌ని చివర్లో పట్టుకుంటే గీత తనంతట అదే పలచనవుతుంది. తర్వాత రెండో పట్టీని ఈ కోడిగుడ్డు పొడవుకి కత్తిరించి, మళ్లీ నాలుగు మడతలు పెట్టి, దాన్ని పక్కన పెట్టుకుని కళ్లకీ ముక్కుకీ చిన్న చుక్కలు పెట్టుకోవాలి.

ఒక హెచ్చరిక. పట్టీ ఎందుకులే అని కాగితాన్నే సగానికి మడిపిస్తారు కొందరు. అది కుదరదు, ముఖం కాగితం పై భాగంలో ఉంటుంది కాబట్టి కాగితం సగం ముఖానికి సగం కాదు, కళ్లు గడ్డం దగ్గరికి జారిపోతాయి. నేను ఒక ఏడాది క్లాసు మొత్తానికి ఇలాగే చేయించి, ముప్పై షీట్లు వృథా చేశాను.

కళ్లతో మొదలుపెట్టి ముక్కు, నోరు, కనుబొమ్మలు, చెవులు. ప్రతిదానికీ ముందు అద్దంలో చూడాలి, తర్వాత గీయాలి. "చూశావా?" అని మీరు గదంతా తిరుగుతూ అడుగుతూనే ఉండాలి. పిల్లలు తల వంచి ఏకబిగిన గీసేస్తున్నారంటే అద్దం చూడటం మానేశారని అర్థం, మళ్లీ ఆ పాత గుర్తు వచ్చేస్తుంది. మా క్లాసులో ఒక రూలు ఉంది, రెండు గీతలు గీస్తే ఒకసారి అద్దం. రబ్బరు నా టేబుల్ మీద ఒక్కటే ఉంటుంది, కావలసినవాళ్లు లేచి వచ్చి అడగాలి. సగం మంది రారు, పక్కనే ఇంకో గీత గీసుకుంటారు. అదే మంచిది.

ముక్కుకి అడుగు భాగం చాలు, రెండు పుటాలు, వాటిని కలిపే చిన్న వంపు. జుట్టు మాడు నుంచి, పాపిడి ఎటుంటే అటు నుంచి బయటికి, జుట్టు పడే వైపుకే గీతలు వెళ్లాలి. మెడని చెవుల కింద నుంచి కాస్త లోపలికి దించితే ఐసుపుల్ల బాధ పోతుంది.

తర్వాత వాళ్లని వాళ్లుగా చేసేవన్నీ వస్తాయి. బొట్టు, కాటుక, దుద్దులు, విభూతి, తలకి కట్టుకున్న స్కార్ఫ్, కళ్లజోడు, ఊడిన పన్ను, నుదుటి మీద గాయం మచ్చ. తిరుపతి వెళ్లొచ్చి గుండుతో ఉన్నవాడు ఒకడు ఉండే ఉంటాడు. "నాకు జుట్టు పెట్టుకోవచ్చా టీచర్?" అంటాడు. పెట్టుకోనివ్వండి, వాడి బొమ్మ వాడిష్టం. మచ్చల విషయం కూడా అంతే, వేయమని మీరు చెప్పొద్దు, వేస్తే వద్దనొద్దు.

అద్దంలో కుడి ఎడమలు మారతాయి కాబట్టి పాపిడి తిరగబడిందని ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారు. అద్దంలో కనిపించినట్టు వేస్తే సరే అని చెప్పండి. బ్యాడ్జీ మీద అక్షరాలు మాత్రం అద్దంలోలా కాకుండా మామూలుగా చదివేలా రాయించండి, లేకపోతే ఇంటి దగ్గర వెక్కిరిస్తారు.

6. రంగు, అసలు కష్టం ఇక్కడే

"టీచర్, స్కిన్ కలర్ ఇవ్వరా?" అని అడుగుతారు. వాళ్లు అడిగేది డబ్బాలో ఉండే లేత గులాబీ నారింజ ముక్క. మన క్లాసుల్లో ఆ రంగు ఒంటివాళ్లు ఎంతమంది? అమెరికాలో క్రేయోలా కంపెనీ ఆ ముక్కకి ఉన్న 'ఒంటి రంగు' అనే అర్థం వచ్చే పేరు తీసేసి 1962లోనే 'పీచ్' అని మార్చింది. 2020లో 24 రకాల ఒంటి రంగులతో ఒక డబ్బా కూడా తెచ్చింది. మన పిల్లల నోట్లో మాత్రం ఆ పేరు అలాగే ఉండిపోయింది. నేను రంగుల రోజు ఆ ముక్కలన్నీ ముందే ఏరి పక్కన పెట్టేస్తా.

పోస్టర్ కలర్లయితే పసుపుపచ్చ రెండు పాళ్లు, ఎరుపు ఒక పాలు కలిపితే నారింజ. అందులో బ్రష్షు కొసతో నీలం, నిజంగా కొసంతే. గోధుమ రంగు వచ్చేస్తుంది. ముదురు కావాలంటే ఇంకాస్త నీలం, ఇంకాస్త ఎరుపు. లేతగా కావాలంటే తెలుపు. నలుపు మాత్రం ముట్టనివ్వకండి. పసుపుపచ్చలో నలుపు పడితే ఆకుపచ్చగా తిరుగుతుంది, జ్వరం వచ్చిన ముఖంలా ఉంటుంది.

కలిపిన రంగుని ముంజేతి మీద ఒక చుక్క పెట్టుకుని చూడమనండి. చుక్క కనిపించకుండా కలిసిపోతే రంగు కుదిరినట్టు. క్రేయాన్లయితే గోధుమ రంగు అదమకుండా మొదట, దాని మీద నారింజ, ఆ పైన పసుపుపచ్చో తెలుపో. స్కెచ్ పెన్నులతో ఒంటి రంగు రాదు, ప్రయత్నించకండి.

తన రంగుకి తనే పేరు పెట్టమనండి. మా వాళ్లు పెట్టినవి: పాల టీ, కొత్త బెల్లం, పాత బెల్లం, వేరుశనగ పొట్టు, చింతపండు, తేనె. నల్లపిల్ల అని ఇంట్లో పిలిపించుకునే అమ్మాయి ఒకతి ఆ రోజు ముంజేతి నిండా చుక్కలు పెట్టుకుని, చివరికి ఒకటి కలిసిపోతే, పరిగెత్తుకొచ్చి "నాది నేరేడు పండు కాదు టీచర్, చింతపండు" అని చూపించింది. ఆ తర్వాత తన ముఖానికి అదే రంగు వేసుకుంది, తెల్లగా కలపలేదు. రంగు మీద ఎవరైనా వెక్కిరింపు మాట అంటే అక్కడికక్కడే ఆపాలి, తర్వాత చూద్దాం అనుకోవద్దు.

రంగులు కొనే పరిస్థితి లేకపోతే పసుపు, జాజు (కొన్ని చోట్ల జేగురు అంటారు), కాఫీ పొడి, బొగ్గు పొడి తీసుకోండి. ఒక్కోదాంట్లో నీళ్లూ కాస్త ఫెవికాలూ కలిపితే కాగితానికి పట్టుకుంటుంది. ఒంటి రంగులకి నిజం చెప్పాలంటే డబ్బా రంగుల కన్నా ఇవే బాగుంటాయి. పసుపు మాత్రం ఎండ తగిలితే వెలిసిపోతుంది, సబ్బు తగిలితే ఎర్రబడుతుంది, చేతులు కడిగిన నీళ్లు బొమ్మ మీద చిందకుండా చూసుకోండి.

గోడకి ఒకటి రెండు తోట వైకుంఠం బొమ్మల ప్రింట్లు అంటించి ఉంచితే మంచిది. తెలంగాణ పల్లె ఆడవాళ్లు, ముదురు రంగు ముఖాలు, ఇంత పెద్ద బొట్లు. కాపీ కొట్టించడానికి కాదు, ముదురు గోధుమ పక్కన ఎరుపూ పసుపూ ఎలా వెలుగుతాయో చూడటానికి. వాన్ గో కథ కూడా చెప్తే ఇష్టంగా వింటారు, మోడల్‌కి ఇచ్చేందుకు డబ్బుల్లేక అద్దం ముందు కూర్చుని తన ముఖమే సుమారు 35 సార్లు వేసుకున్నాడని.

7. వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది

అందంగా ఉందా అని చూడొద్దు. మూడు పరీక్షలు పెట్టండి.

పట్టీ పరీక్ష: బొమ్మ పక్కన మడత పట్టీ పెడితే కళ్లు సగం దగ్గర ఉన్నాయా? కనుబొమ్మలు అక్కడ ఉండి కళ్లు కిందకి జారాయా, లేక పైకెక్కాయా? రంగు వేయకముందే ఇది చేయాలి, తర్వాత దిద్దలేరు.

అద్దం పరీక్ష: బొమ్మని అద్దానికి చూపించండి. ముఖం ఒరిగిపోయినా, ఒక కన్ను పైకెళ్లినా అద్దంలో ఇట్టే బయటపడుతుంది. తలకిందులుగా పట్టుకున్నా తెలుస్తుంది.

పేరు లేని పరీక్ష: ఇది అసలైనది. అన్నీ పేర్లు కనపడకుండా తాడుకి వేలాడదీసి, పక్క సెక్షన్ పిల్లల్ని, వాళ్లు లేకపోతే వీళ్లనే, ఎవరిదేదో చెప్పమనండి. పదిలో ఆరేడు గుర్తుపడితే మీ పని బ్రహ్మాండంగా అయినట్టే. గుర్తుపట్టనివాటిని పక్కకి తీసి, ఆ పిల్లని గానీ పిల్లాణ్ణి గానీ పిలిచి, అద్దం ముందు కూర్చోబెట్టి, "నీ ముఖంలో నీకొక్కదానికే ఉన్నదేంటమ్మా?" అని అడగండి. ఒక్క మార్పు చాలు, సాధారణంగా అది కనుబొమ్మల్లోనో జుట్టులోనో ఉంటుంది.

తర్వాత బీరువాలోంచి మొదటి రోజు బొమ్మలు తీసి ఎవరివి వాళ్లకివ్వండి. ఆ గోల మీరే వినాలి.

మళ్లీ మళ్లీ అడిగేవి

*"నాకు రాదు టీచర్" అని కూర్చుండిపోతే?* ముఖం మొత్తం వద్దు, ఒక్క కన్ను వెయ్యమనండి, కాగితం నిండా. సాధారణంగా రెండో కన్ను అడక్కుండానే వేస్తారు.

*మార్కులు వేయాలా?* వేయాల్సి వస్తే పట్టీ వాడారా, అద్దం చూశారా, రంగు తామే కలిపారా, ఈ మూడింటికే. పోలికకి మార్కులు పెడితే పక్కింటి అక్క చేత గీయించుకొస్తారు.

*మీరు దిద్దిపెడతారా?* ఎంత బతిమాలినా పిల్లల కాగితం మీద నా పెన్సిల్ పెట్టను. ఒక్క గీత గీసినా ఇంటికెళ్లి "టీచర్ వేసింది" అంటారు.

*గోడకి ఎంత ఎత్తులో పెట్టాలి?* పిల్లల కంటి ఎత్తులో, మన ఎత్తులో కాదు. వాట్సాప్ గ్రూపులో పెట్టేముందు తల్లిదండ్రుల్ని అడగండి, ముఖ్యంగా పక్కన పిల్లల ఫొటో కూడా ఉంటే.

*దాచేటప్పుడు?* క్రేయాన్ బొమ్మలు ఒకదాని మీద ఒకటి పెడితే ఏప్రిల్ ఎండలకి మైనం కరిగి అంటుకుపోతాయి. మధ్యలో పేపరు పెట్టి, బల్లపరుపుగా, రేకుల కప్పు గదిలో కాకుండా వేరే చోట పెట్టండి.